గంగాభవానిని గట్టెక్కించిన తాడు

నేను ఒక కొబ్బరి తాడునండీ. తాడు చెప్పేదేముందిలే అని పేజీ తిప్పేయకండి. ఇంగ్లీషులో ప్రెజెంట్ పర్ఫెక్టుకీ పాస్ట్ పర్ఫెక్టుకీ తేడా మీలో ఎంతమందికి తెలుసో గానీ, నాకు మాత్రం క్షుణ్ణంగా తెలుసు. ఆయ్, నిజమే!

పుట్టింది అంబాజీపేట పక్కన. కొబ్బరి డొక్కల్ని నెలల తరబడి నీళ్ళలో నానబెట్టి, చావబాది, పీచు తీసి, ఇద్దరు ఆడవాళ్ళు రాట్నం మీద నన్ను పేనారు. పేనుతున్నంతసేపూ వాళ్ళ అత్తల్ని తిట్టుకున్నారు. నా గట్టిదనం అక్కణ్ణుంచే వచ్చిందని నా నమ్మకం. తర్వాత మండపేటలో షామియానాలు అద్దెకిచ్చే ఆయన దగ్గర చేరాను. పెళ్ళికీ నేనే, దినానికీ నేనే. రెండుచోట్లా మనుషులు అడిగేది ఒకటే మాట: "భోజనాలు ఎప్పుడండీ?"

ఒకసారి దయానందం మాస్టారింట్లో ప్రార్థన కూడికకి పందిరి వేసి, నన్ను విప్పడం మర్చిపోయి వెళ్ళిపోయారు. మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళావిడ నన్ను వరండాలో కట్టి బట్టలు ఆరేసేవారు. పెళ్ళిపందిళ్ళు నిలబెట్టిన నాకు అది చిన్నతనంగానే ఉండేది.

అప్పుడొచ్చింది గంగాభవాని. ఆ వీధి అంగన్‌వాడీలో ఆయా. పన్నెండేళ్ళుగా పిల్లల ముక్కులు తుడుస్తోంది. అక్కడి టీచరమ్మ జూన్‌లో రిటైరవుతోంది. ఈలోగా పదో తరగతి పాసైతే ఆ పోస్టు భవానికి, లేకపోతే బయటివాళ్ళకి. ఓపెన్ స్కూల్లో కట్టి అన్ని సబ్జెక్టులూ లాగేసింది గానీ, ఇంగ్లీషు మాత్రం మూడుసార్లు తన్నేసింది. జూన్‌లోగా మిగిలింది ఒక్క పరీక్ష. అందుకే మాస్టారి దగ్గర చెప్పించుకోవడానికి వచ్చింది.

ఆమె జబ్బు ఒకటే. అయిపోయిన పని కనబడితే చాలు, 'హ్యాడ్' పెట్టేస్తుంది. "అయిపోయింది కదండీ మాస్టారూ! ఇంకా 'హ్యావ్' ఏటండీ, నా బొంద!" అనేది. మాస్టారు రూల్సు చెప్పారు, పట్టికలు గీశారు, తల బాదుకున్నారు. ఆఖరికి ఓ ఆదివారం నా మీది బట్టలన్నీ లాగి అవతల పడేశారు.

నా ఒక కొస కిటికీ చువ్వకి కట్టి ఉంది. రెండో కొస విప్పి ఆయన చేత్తో పట్టుకున్నారు. "చూడమ్మా, నా చెయ్యంటే ఇప్పుడు. కిటికీ వైపు వెళ్ళేకొద్దీ గతం. సూపర్‌వైజర్ గారు నిన్న పదింటికి వచ్చారు," అని నా నడుమ్మీద ఒక క్లిప్పు పెట్టారు. "ఆవిడ వచ్చేసరికే నువ్వు గుడ్లు ఉడకబెట్టేశావు. ఆ క్లిప్పు ఎక్కడ పెడతావు?"

భవాని కిటికీ వైపు జరిగి ఇంకో క్లిప్పు పెట్టింది.

"అదీ! గతంలోనే రెండు పనులుండి, ముందు జరిగిందాన్ని చెప్పాలంటే 'హ్యాడ్'."

"మరి 'హ్యావ్' అండీ?"

"పిల్లలకి టీకా వేశారు. ఎప్పుడన్నది వదిలెయ్. దాని బలం ఇవాళ్టికీ ఉందా, లేదా?"

"ఉండకేవండీ!" అంటూ ఆమె ఇంకో క్లిప్పు పెట్టి, అక్కణ్ణుంచి నన్ను తడుముకుంటూ మాస్టారి చేతిదాకా వచ్చింది. వచ్చి నోరు తెరిచేసింది. "ఓరి నాయనో! ఇప్పటిదాకా సాగితే 'హ్యావ్'. రెండూ అక్కడే ఉండిపోతే ముందుదానికి 'హ్యాడ్'. ఇంతేనాండీ?"

ఇంతే. మాస్టారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకైతే ఒళ్ళంతా పులకరించింది.

కానీ పరీక్ష హాల్లోకి తాడుని ఎవరు రానిస్తారు? ఆ రోజంతా బెంగతో చచ్చాను. జరిగింది తర్వాత ఆమే చెప్పింది. ఏదైనా గుర్తుండాలంటే కొంగుకి ముడి వేసుకోవడం భవాని అలవాటు. ఏ బిడ్డకి జ్వరమో, ఎవరింటికి పాలు పంపాలో, అన్నీ ముడులే. ఖాళీలు పూరించే ప్రశ్న రాగానే కొంగు బల్ల మీద పరిచి, రెండు ముడులు వేసి, నన్ను తడిమినట్టే తడిమిందట. ఇన్విజిలేటర్ మేడమ్ ఒక్క అంగలో వచ్చేశారట.

"చీటీలున్నాయి కదూ అందులో? విప్పు!"

"చీటీలు కాదండీ. ఇది సూపర్‌వైజర్ గారండీ. అవి గుడ్లండీ."

మేడమ్ రెండు ముడులూ విప్పి, దులిపి, వెలుతురుకి పెట్టి చూసి, ఏమీ దొరక్క బిక్కమొహం వేశారట. భవాని మళ్ళీ ముడులు వేసుకుని, తాపీగా ఖాళీలన్నీ నింపి వచ్చింది.

ఫలితాలొచ్చిన మధ్యాహ్నం వీధి మొదట్లోనే కేక వినబడింది. "మాస్టారండోయ్! ఐ హ్యావ్ పాస్డ్!" నలభై ఏడు మార్కులు! "హ్యావ్ అంది, విన్నావా? హ్యావ్ అంది!" అని మాస్టారు వాళ్ళావిడ భుజాలు పట్టుకుని ఊపేశారు. భవాని తిన్నగా వచ్చి నన్ను కళ్ళకద్దుకుంది. నన్ను కట్టినవాళ్ళున్నారు, విప్పినవాళ్ళున్నారు, తొక్కినవాళ్ళున్నారు. కళ్ళకద్దుకున్నది మాత్రం ఈమె ఒక్కతే. గర్వపడ్డానండీ, దాచుకోవడమెందుకు?

జూన్‌లో పోస్టు ఆమెకే వచ్చింది. ఆ తర్వాతి ఆదివారం చుట్టుపక్కల అంగన్‌వాడీల ఆయాలు పదకొండు మంది మాస్టారి వరండాలో కూర్చున్నారు. అందరూ ఇంగ్లీషులోనే పోయినవాళ్ళు. అన్ని క్లిప్పులకి నా పొడవు చాల్లేదు. కొత్త తాడు తెచ్చి నాకు కలిపి ముడేశారు. మాస్టారు దాని కొస పట్టుకోబోతే, "మీరు కూర్చోండి మాస్టారూ," అని గంగాభవాని తీసుకుంది.

"టీచరు గారండీ, మాకు మొదట్నుంచీ చెప్పండి," అన్నారు, నిన్నటిదాకా ఆమెని 'ఒసే భవానీ' అన్నవాళ్ళందరూ.