కెతూరా పేరున్న తొమ్మిదేళ్లు

ఉడికిన గుడ్ల పెంకులు వలుస్తూ వంటగదిలో నిలబడ్డాను. మర్నాడు డెకరేషన్ ఆదివారం. మా అత్తింటి హార్గిస్ వాళ్లంతా కొండ మీద సమాధుల దగ్గర చేరి, కలుపు పీకి, పూలు పెట్టి, అక్కడే బల్లలు వేసుకుని భోజనాలు చేస్తారు. ఏ కోడలు ఏం వండి తేవాలో పెళ్లయిన ఏడాదే తేలిపోతుంది, ఇక చచ్చేదాకా మారదు. నా వంతు కారం గుడ్లు, పచ్చసొనలో ఆవపిండి కలిపి నింపేవి. ముందు గదిలో మా ఆయన రాయిస్ ఫోన్లో వాళ్ల తమ్ముడితో మాట్లాడుతున్నాడు. "రెండేళ్లు పట్టిందిరా ఇదంతా తవ్వి తీసేసరికి. కళ్లు పోయాయనుకో," అంటున్నాడు. నా చేతిలో గుడ్డు చితికిపోయింది. కళ్లు పోయిన మాట నిజమే. కళ్లజోడు మార్చుకున్నది మాత్రం నేను.

రాయిస్ రోడ్ల శాఖలో రిటైరైన ఏడాది మొదలైంది ఈ పని. వర్జీనియా నుంచి కొండలు దాటి కెంటకీలో మొదట అడుగుపెట్టిన హార్గిస్ పేరు జారెడ్. అతని సమాధి మీద పేరు లేని బండరాయి తప్ప ఏమీ లేదు. అక్కడ మంచి రాయి నిలబెట్టాలనీ, వంశం గురించి ఒక పుస్తకం వేయించి వాళ్లమ్మ చేతిలో పెట్టాలనీ రాయిస్‌కు బుద్ధి పుట్టింది. "శనివారాలు నువ్వెలాగూ ఖాళీయేగా వాండా," అన్నాడు. వారమంతా పళ్ల డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. శనివారం బట్టలు ఉతకడం, అత్తగారికి సరుకులు, ఆవిడ మందులు డబ్బాల్లో సర్దడం. మా ఇంట్లో దాన్ని ఖాళీ అంటారు. సరే అన్నాను. ఎందుకన్నానో అప్పుడు తెలీదు, బహుశా ఇంట్లోంచి బయటపడే సాకు దొరికిందని కావచ్చు. జిల్లా లైబ్రరీ కింది గదిలో పాత కాగితాల ఫిల్ము చూసే యంత్రం ఉంది. రెండేళ్లపాటు బట్టలు, సరుకులు ముగించుకుని వెళ్లి దాని ముందు కూర్చున్నాను. రాయిస్ కూడా వచ్చాడు, రెండుసార్లు. రెండోసారి కుర్చీలోనే గుర్రుపెట్టాడు.

రెండు వందల ఏళ్ల కిందట జనాభా లెక్కలంటే ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవాళ్లు. మిగతావాళ్లు అంకెలు. పదేళ్లలోపు మగపిల్లలు ఇందరు, ఇరవై ఆరు నుంచి నలభై నాలుగు మధ్య ఆడవాళ్లు ఇందరు, అంతే. పెళ్లాం అంటే ఒక గడిలో ఒక గీత. ఏటా రాసే పన్ను జాబితాలో మగవాడి పేరు, భూమి, అది ఏ వాగు పక్కనుందో, గుర్రాలెన్ని, అవి ఉంటాయి. గుర్రాల గడికి ముందు బానిసల గడి. హార్గిస్‌ల వరసలో అది ఎప్పుడూ ఖాళీయే, కానీ ఇరుగుపొరుగు వరసల్లో ఖాళీ కాదు. ఆ బానిసలకు మనిషిగా గీత కూడా లేదు, ఆస్తిగా లెక్క. తెల్ల ఆడదాని పేరు ఆ జాబితాకెక్కాలంటే మొగుడు పోవాలి. అందుకే ఈ పని చేసేవాళ్లందరికీ ఒక అలవాటుంది. ఆడ పేరు కనిపించగానే పక్కన "విధవ" అని రాసుకుని ముందుకు సాగిపోతారు.

నేనూ అదే చేశాను. 1806 నుంచి జారెడ్ పేరు జాబితాలో లేదు, 1815లో మళ్లీ ఉంది. మధ్యలో కెతూరా హార్గిస్ అని ఒక ఆడ పేరు. జారెడ్ అన్నగారి భార్య ఎవరో అయుంటుంది, మొగుడు పోయాడు పాపం అనుకుని పక్కన "విధవ" అని రాసి ఊరుకున్నాను. ఏడాది దాటాక గానీ వాగు పేరు మీద నా కళ్లు పడలేదు. అదే వాగు, అదే నూరెకరాలు. మరి జారెడ్ ఏమయ్యాడు? నదికి దిగువన పక్క జిల్లా జాబితాలు తెప్పించి చూస్తే ఉన్నాడు మహానుభావుడు, నిక్షేపంలా. భూమి లేదు, గుర్రం ఒకటి. 1810 జనాభా లెక్కల్లో అతనింట్లో ఒక పడుచు ఆడమనిషి, పదేళ్లలోపు పిల్లాడు ఒకడు. ఇక్కడ వాగు పక్కన కెతూరా ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు. మొగుడు గుర్రం తీసుకుపోయిన ఏడాది ఆమె గుర్రాల గడి ఖాళీ. తర్వాత ఒకటి, తర్వాత రెండు. 1814కి ఆరు. మరుసటి ఏడాది పక్క జిల్లాలో జారెడ్ పేరు మాయమై ఇక్కడ తేలింది, జారెడ్ హార్గిస్, నూరెకరాలు, ఆరు గుర్రాలు అని. కెతూరా మళ్లీ గీత అయిపోయింది. 1820లో ఆ ఇంట్లో ఆమె కనని మగపిల్లాడు కూడా ఉన్నాడు. వాడికీ ఆవిడే వండిపెట్టి ఉంటుంది.

యంత్రం ఆపేశాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ప్రతి డెకరేషన్ ఆదివారం రాయిస్ బల్ల ఎక్కి చెప్పే కథ ఇదే, "మా జారెడ్ ఒక్క గుర్రంతో వచ్చాడు, ఆరు గుర్రాలు చేశాడు" అని. ముప్ఫై ఆరేళ్లుగా గుడ్ల పళ్లెం పట్టుకుని నిలబడి వింటున్నాను, చప్పట్లు కూడా కొట్టాను.

మర్నాడు పొద్దున వేడి బిస్కట్ రొట్టెలు, గ్రేవీ ముందు పెట్టి రాయిస్‌కు చెప్పాను. కాగితాలు చూపించాను. వాటి వంక చూడలేదు.

"ఇంకెవరో కెతూరా అయుంటుంది."

"అదే వాగు, అదే భూమి రాయిస్."

"అక్కడ ఉన్నాడే అనుకో. ఏదో పని మీద పోయుంటాడు. డబ్బు పంపుండడా?"

"పంపితే ఆ పిల్లతో కాపురం దేంతో చేశాడు?"

చెంచా కింద పెట్టాడు. "నీకెప్పుడూ మగాళ్ల తప్పులే కనిపిస్తాయి. అమ్మకి ఎనభై ఎనిమిదేళ్లు. ఈ వయసులో ఆవిడకిది చదివి వినిపించి ఏం బావుకుంటావ్?"

బావుకోవడానికేమీ లేదు, ఉన్నది ఉన్నట్టు రాద్దామన్నాను. ఒక్క పేజీ చాలన్నాను. జారెడ్‌ని తిట్టను, ఆవిడ పేరూ ఆ తొమ్మిదేళ్లూ రాస్తానంతే. చివరికి విసుక్కుంటూ, "రాయి, నీ ఇష్టం," అన్నాడు. రాశాను. ఆ పేజీ ఎన్నిసార్లు తిరగరాశానో. పుస్తకం మొత్తంలో నాది అనిపించింది అదొక్కటే.

ఇక ఆ డెకరేషన్ ఆదివారం కొండ మీద ఎండ బాగా కాసింది. కొత్త రాయి మీద జారెడ్ పేరు, "ఒక్క గుర్రంతో వచ్చాడు" అన్న మాట. పక్కన "భార్య" అని ఉంది. రాయి చెక్కేవాడికి పేరు ఇవ్వడం మరిచిపోయానన్నాడు రాయిస్. పుస్తకాల పెట్టె విప్పి అందరికీ పంచాడు. నేను చేతులు తుడుచుకుని ఒకటి తీసుకున్నాను. అట్ట మీద రాయిస్ పేరు. అది ఊహించిందే. లోపల, "ఓపికతో, కమ్మని వంటలతో తోడుగా ఉన్న నా భార్యకు" అని ఉంది. నా పేజీ కోసం చూశాను. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి తిప్పాను. లేదు. బల్లకవతల రాయిస్ నా వైపు చూసి, చప్పున తల తిప్పుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

అత్తగారు ఇమొజీన్ నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. వెళ్లి ఆవిడ పక్కన గడ్డి మీద చతికిలబడ్డాను. కొడుకు మీద పంతంతోనే చెప్పాను, ఎందుకు దాచాలి. గొంతు తగ్గించి అంతా చెప్పాను. ఆవిడ గుండె పట్టుకుంటారేమో, కేకలేస్తారేమో అనుకున్నాను. ఆవిడ కోడి ముక్క కొరుక్కుంటూ విన్నారు.

"గుర్రాలు ఆవిడవే," అన్నారు. "మా అత్తగారు చెప్పేది. బీన్సు వలిచేటప్పుడు."

"మీకు తెలుసా అత్తయ్యా?"

"ఈ ఇంటికొచ్చిన కోడళ్లందరికీ తెలుసమ్మాయ్. నీకు నేనే చెప్పలేదు, నీ నోట్లో నువ్వుగింజ నానదని."

"మరి ఏటా ఆ కథ వింటూ ఊరుకుంటారేం?"

"అలాంటివి వంటింట్లో చెప్పుకోవాలి గానీ రాళ్ల మీద చెక్కించుకుంటారా? ఆ తర్వాత ఆ మొగుడితోనే కదా ఉండాలి." ఎముక పళ్లెంలో పెట్టి నా చెయ్యి తట్టారు. "గుడ్లలో ఈసారి ఆవాలు ఎక్కువయ్యాయి. చూసుకో."

రాయిస్ చేసినదానికంటే ఆ చెయ్యి తట్టడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇన్ని తరాల ఆడవాళ్లు ఆ మాటను ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని భద్రంగా దాచారు, కెతూరా కోసం కాదు, జారెడ్ కోసం. ఇంటికొస్తూ కారులో రాయిస్, "ప్రింటరు పేజీలు ఎక్కువయ్యాయన్నాడు," అన్నాడు. నేనేమీ అడగలేదు, అతనే చెప్పాడు. రెండ్రోజుల తర్వాత లైబ్రరీకి పోయి ఆ పేజీ హార్గిస్‌ల ఫైలులో పెట్టించాను. అడుగున నా పేరు రాశాను, నేను పుట్టినింటి పేరుతో సహా.

ఆ వారమే ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. మెడలో గుర్తింపు కార్డు, భుజాన నల్ల సంచీ, ఎండకు కందిపోయిన ముఖంతో ఒకావిడ వాకిట్లో నిలబడి ఉంది. జనాభా లెక్కల మనిషి. మీ ఫారం పోస్టులో తిరిగి రాలేదండీ, అంది. నా కాగితాల కింద ఎక్కడో ఉండిపోయినట్టుంది. మంచినీళ్లిచ్చి, వరండాలోనే కుర్చీ చూపించాను. లోపల రాయిస్ బేస్‌బాల్ చూస్తున్నాడు.

"ఎవరది?"

"జనాభా లెక్కలు."

"నా పేరు చెప్పి రాయించెయ్. ఆట మధ్యలో ఉన్నా."

ఆవిడ పెన్ను తీసింది. "ఇల్లెవరి పేరున ఉందండీ?"

"ఇద్దరి పేరునా."

"అయితే ఎవరితో మొదలుపెట్టినా ఫరవాలేదు. ఒకటో మనిషి?"

"వాండా హార్గిస్," అన్నాను.

ఆవిడ రాసుకుంది. ఆవిడకేమీ వింతగా అనిపించలేదు. పుట్టిన తేదీ అడిగింది, చెప్పాను. రెండో మనిషి పేరు అడిగింది. రాయిస్ హార్గిస్ అన్నాను. లోపల టీవీ చప్పుడు తగ్గింది.

"ఈయన మీకేమవుతారు?"

ముప్ఫై ఆరేళ్లుగా నేను రాయిస్‌కి ఏమవుతానో, ఇమొజీన్‌కి ఏమవుతానో అందరికీ చెబుతూనే ఉన్నాను, బ్యాంకులో, చర్చిలో, ఆస్పత్రిలో. రాయిస్ నాకేమవుతాడని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఆవిడ పెన్ను పట్టుకుని ఓపిగ్గా చూస్తోంది. లోపల కుర్చీ కిర్రుమంది, అతను వింటున్నాడు.

"భర్త," అన్నాను. "ప్రస్తుతానికి అలాగే రాసుకోండి."