లేపేశా

వన్ టౌన్‌లో ఎండుమిరపకాయల గోడౌను మీద, మొదటి అంతస్తులో ఉంది సోహైల్ ల్యాప్‌టాప్ రిపేరు కొట్టు. కింద బస్తాలు దించిన రోజున పైన తుమ్మకుండా కూర్చున్నవాడు లేడు, ఒక్క సోహైల్ తప్ప. చచ్చిన మిషన్ తెచ్చి బల్ల మీద పెడితే తిప్పి పంపడం అతనికి చేతకాదు. తెర వెలిగిన క్షణాన "లేపేశా" అని ఒక్క కేక వేస్తాడు. ఆ కేక వినపడితే కింద ముఠా కూలీలు కూడా నవ్వుకుంటారు, పైన ఇంకో పీనుగు లేచి కూర్చుందిరోయ్ అని. పదకొండేళ్ళ అలవాటు అది. పాడు అలవాటని ఎవరికీ తోచలేదు, ఆ మంగళవారం దాకా.

ఆ మంగళవారం పొద్దున పదకొండింటికి బాబీ మెట్లెక్కి వచ్చాడు. పేరు విని చంటిపిల్లాడనుకునేరు. నలభై దాటిన మనిషి, మెడ ఎక్కడ అయిపోయి భుజం ఎక్కడ మొదలైందో తెలియని శరీరం. హనుమాన్ జంక్షన్ అవతల రొయ్యల చెరువులున్న వెంకటకృష్ణారావు దగ్గర ఉంటాడు. ఏం పని చేస్తాడంటే ఎవరూ నోరు విప్పరు. చంకలో పలకంత ల్యాప్‌టాప్ ఒకటి పెట్టుకొచ్చాడు. వస్తూనే షట్టరు సగం దించి, మాటా పలుకూ లేకుండా సోహైల్ చెంప పగలగొట్టాడు.

"నీ తమ్ముడు మా చెరువులో మందు పోశాడు," అన్నాడు తీరిగ్గా కుర్చీ లాక్కుంటూ. "వారంలో పట్టుబడికి రావాల్సిన రొయ్య. పొద్దెక్కేసరికి మొత్తం తెల్లగా తేలింది."

సోహైల్ చెవిలో ఇంకా గుయ్యిమంటోంది. తమ్ముడు అలీ ఆ చెరువుల గట్టు మీదే ఉండి, నీళ్ళలో గాలి కొట్టే ఏరేటర్లు చూసుకుంటాడు. రెండు రోజులుగా ఫోను ఎత్తడం లేదు. భవానీపురంలో తల్లి మెహబూబ్ బీ రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. విషయం ఇదన్నమాట.

"వాడు పొయ్యడన్నా. చేత్తో పెంచినవని రొయ్యలు తినడం కూడా మానేశాడు వాడు."

"గట్టు మీద కెమెరా ఉంది. ఎవడు పోశాడో అందులో పడే ఉంటది. ఆ రికార్డింగులన్నీ ఈ పెట్టెలోనే ఉన్నయ్, ఇది కాక ఇంకే పెట్టెలో పెట్టినా తెరుచుకోవంట. నిన్న ఏదో అప్‌డేట్ అంటా మధ్యలో ఆగి, చచ్చి కూర్చుంది. ఏలూరులో ఇద్దరికి చూపించా, కాదన్నారు. నీ తమ్ముడేమో మా భాయ్ లేపుతాడు, మా భాయ్ లేపుతాడని ఒకటే ఏడుపు. లేపు మరి."

అని ఫోను తీసి, సోహైల్‌కి వినపడేలా స్పీకరు పెట్టి, చెరువు షెడ్డులో అలీకి కాపలా ఉన్న రత్తయ్యకి చేశాడు.

"రత్తయ్యా, సరిగ్గా విను. నాలుగింటిదాకా ఆగు. నేను వదిలెయ్ అంటే వదిలెయ్. లేపెయ్ అంటే లేపేసి కొల్లేట్లో పారెయ్. నా నుంచి వచ్చేది ఈ రెండు మాటల్లో ఒకటే. మళ్ళీ మళ్ళీ అడగమాక."

"అట్టాగేనండీ," అన్నాడు రత్తయ్య, వెనక ఇంజన్ల రొదలోంచి.

సోహైల్ లేపేశాడంటే ఒక మిషన్‌కి ప్రాణం వచ్చిందని. బాబీ మనుషులు లేపేశారంటే ఒక మనిషికి ప్రాణం పోయిందని. మాట ఒకటే. ఆ సంగతి సోహైల్‌కి అప్పుడు తట్టి ఉంటే ఈ కథే లేదు. అతని కళ్ళు అప్పటికే ల్యాప్‌టాప్ మీద ఉన్నాయి.

పాత విండోస్ మళ్ళీ వేస్తే అరగంట పని. కాని రికార్డింగులు తెరిచే ప్రోగ్రాం పాత విండోస్‌లో నడవనని గత నెల నుంచే మొరాయిస్తోంది. కొత్తదే ఎక్కించాలి. కొత్తదేమో ఇంత చిన్న, ఇంత పాత మిషన్ మీద ఎక్కనే ఎక్కదు, కంపెనీయే కాదని రాసిపెట్టింది. సోహైల్ పెన్‌డ్రైవ్ గుచ్చి మొదలుపెట్టాడు. పది నిమిషాలకి తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది, ఈ కంప్యూటర్‌కి ఇది పడదని.

బాబీకి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. "కావాలనే చేస్తన్నావురా. తమ్ముడి మొహం కనపడుద్దని భయమా?" అన్నాడు. సోహైల్ ఎడమచెయ్యి లాగి బల్ల మీద పరిచి, పక్కనున్న సుత్తితో చిటికెనవేలి మీద ఒక్కటి వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. సోహైల్ కేక గోడౌనులోకి కూడా దిగింది, కూలీలు మాత్రం ఈసారి నవ్వలేదు. పైకి వచ్చి చూసిన వాళ్ళూ లేరు. ఏం మనుషులో, వేళ్ళు విరగ్గొట్టి అవే వేళ్ళతో పని చేయమంటారు.

సోహైల్ కర్చీఫుతో వేలు చుట్టుకున్నాడు. ఏడుస్తూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం ఆపలేదు. రెండు మీటలు కలిపి నొక్కితే నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో, మిషన్ ఏమిటో ఎంతదో తనిఖీ చేయొద్దని విండోస్‌కి చెప్పే వరుసలు ఒక్కొక్కటే కొట్టాడు. తొమ్మిది వేళ్ళతో కొట్టడం వల్ల ఒక అక్షరం తప్పుపడి, మొత్తం మళ్ళీ మొదటికొచ్చింది. తప్పుపడినందుకు బాబీ అతని తల పట్టుకుని బల్లకేసి కొట్టాడు. పెదవి చిట్లి మీటల మీద నెత్తురు పడింది. సోహైల్ మోచేత్తో తుడిచి మళ్ళీ కొట్టాడు. ఈసారి విండోస్ కిక్కురుమనకుండా లోపలికి రానిచ్చింది.

లోపల అసలు గండం ఉంది. డిస్కు రెండు ముక్కలుగా కనపడింది, ఏ ముక్కకీ పేరు లేదు. ఒకటి చెరిపి అందులో విండోస్ వేయాలి, రెండోదాంట్లో రికార్డింగులున్నాయి. తప్పు ముక్క చెరిపితే తమ్ముణ్ణి తన చేత్తో తనే చెరిపినట్టు. సోహైల్ పావుగంట ఆ అంకెలకేసి చూస్తూ కూర్చున్నాడు. బాబీ మెడ మీద కొడుతున్నా ఉలకలేదు. చివరికి బిస్మిల్లా అనుకుని మొదటిదాన్ని చెరిపాడు.

ఆ తరువాత చేసేది ఏమీ లేదు, ఎదురుచూడడమే. అంత నత్తనడక మిషన్‌ని అతను ఎన్నడూ చూడలేదు. మూడింటికి నలభై శాతం, మూడున్నరకి డెబ్భై. నాలుగింటికి పది నిమిషాలుందనగా బాబీకి విసుగొచ్చి మళ్ళీ రత్తయ్యకి ఫోను చేసి, స్పీకరు పెట్టి, బల్ల మీద సోహైల్ నోటి దగ్గర పెట్టాడు.

"రత్తయ్యా, వాడిచేత మాట్లాడించు. అన్నకి కాస్త హుషారొస్తది."

అవతల ఇంజన్ల మోత. కర్ర దేనికో తగిలిన చప్పుడు, మళ్ళీ తగిలిన చప్పుడు, ఆ తరువాత అలీ గొంతు. "భాయ్. నేను పొయ్యలేదు భాయ్. మోకాళ్ళు విరిగినయ్ భాయ్." మళ్ళీ కర్ర. ఆ తరువాత మాటలు కావు.

సోహైల్ కళ్ళు మూసుకోలేదు. తెర నల్లబడింది. మిషన్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలవ్వాలి. నల్లగానే ఉంది. అతనికి తెలిసిన దేవుణ్ణీ, తెలియని దేవుణ్ణీ తలుచుకున్నాడు. నల్లగానే ఉంది. అంతలో మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరిగి, తెరంతా నీలంగా వెలిగింది. ఎక్కనని మొరాయించింది ఎక్కి కూర్చుంది. విరిగిన వేలు గుర్తులేదు, చిట్లిన పెదవి గుర్తులేదు, తమ్ముడు బతికాడన్న ఒక్కటే గుర్తుంది. పదకొండేళ్ళ అలవాటు గొంతులోంచి దానంతటదే వచ్చేసింది.

"లేపేశా!"

"ఆఁ, సరేనండీ," అంది బల్ల మీద ఫోను. లైను తెగింది.

ఇద్దరిలో ఎవరికీ ఏమీ తోచలేదు. ఎందుకు తోస్తుంది, ఇద్దరి కళ్ళూ తెర మీదే ఉన్నాయి. బాబీ అయితే "పనోడివేరా" అని వీపు తట్టాడు కూడా. ప్రోగ్రాం ఎక్కించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఆదివారం తెల్లవారుజాము, అయిదూ నలభై. గట్టు కనపడింది. మంచం మీద దుప్పటి ముసుగులో అలీ నిద్రపోతున్నాడు. అతన్ని దాటుకుంటూ, చేతిలో డబ్బాతో, మెల్లగా నీళ్ళవైపు ఒక మనిషి నడిచాడు. డబ్బా వంచి పోస్తూ ఒకసారి వెనక్కి చూశాడు.

రత్తయ్య.

"వీడా," అన్నాడు బాబీ. మొహం మాడిపోయింది. ఫోను తీసి నొక్కాడు.

సోహైల్ అప్పటికే తన ఫోను తీసి తల్లికి చేసేశాడు. "అమ్మీ, అలీ దొరికాడు. వాడు చెయ్యలేదని తేలిపోయింది. వచ్చేస్తాడు. నువ్వు లేచి అన్నం పెట్టు పొయ్యి మీద." అవతల మెహబూబ్ బీ ఏడుపులో ఏమందో వినపడలేదు. ఫోను పెట్టేసి, గోడకి జారగిలబడి, నెత్తురు మింగుతూ నవ్వాడు.

బాబీ చేసిన ఫోను అవతల ఒకసారి మోగి ఆగింది. రెండోసారి మోగి ఆగింది. మూడోసారికి ఎత్తారు.

"అయిపోయిందండీ," అన్నాడు రత్తయ్య రొప్పుతూ. "గోనెసంచిలో కట్టేశా. చీకటి పడ్డాక కొల్లేటికి తీసుకుపోతా."

"ఏంట్రా అయిపోయింది? ఎవడు చెప్పాడ్రా నీకు?"

"అదేంటండీ. లేపెయ్ అన్నారుగదండీ ఇందాక. గట్టిగా అరిచి మరీ చెప్పారు. మళ్ళీ అడగొద్దన్నారని నేనూ అడగలా."

రత్తయ్య నిజంగా అలాగే విన్నాడో, వినాలని ఉండి విన్నాడో ఆ పైవాడికే తెలియాలి. తెర మీద రికార్డింగు దాని పాటికి అది నడుస్తోంది. అలీ నిద్రలేచి, నీళ్ళకేసి చూసి, బట్టలతోనే చెరువులోకి దూకాడు. చచ్చే రొయ్యల్ని దోసిళ్ళతో ఎత్తి, ఏరేటరు కింద నురగలో పెడుతున్నాడు, ఒక్కటైనా బతుకుతుందేమోనని.

బాబీ ఫోను జేబులో పెట్టుకుని, మెట్లకేసి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నేననలేదురా. ఆ మాట నువ్వే అన్నావు."

సోహైల్ లేచాడు. చేతికి అందింది ల్యాప్‌టాపే. రెండు చేతులా దాన్ని నెత్తి మీదికి ఎత్తాడు, బాబీ మొహం మీద బద్దలు కొట్టడానికి. ఎత్తినప్పుడు తెర అతని వైపు తిరిగింది. అందులో అలీ ఉన్నాడు, మోకాళ్ళ లోతు నీళ్ళలో, ఇంకా రెండు కాళ్ళ మీద నిలబడి.

దాన్ని దించి, పడిపోకుండా, బల్ల మీద గోడవైపుకి జరిపి పెట్టాడు. ఆ తరువాత సుత్తి తీసుకున్నాడు.