పేరు ఉండాల్సిన చోట పిల్లనగ్రోవి

యాకోబు గొంతు వినని మనిషి ప్రొద్దుటూరులో లేడు. ఆ గొంతు యాకోబుదని తెలిసిన మనిషి మాత్రం దీపం పెట్టి వెతికినా దొరకడు. ఇదెక్కడి చోద్యమంటారా? వినండి మరి.

యాకోబు వయసంతా మద్రాసులో పాడాడు. సినిమాల్లో పెద్ద గాయకులు వచ్చేముందు, వరస వాళ్లకు తెలియడానికి ఎవరో ఒకరు ఆ పాటను పాడి పెట్టాలి. దాన్ని ట్రాక్ అంటారు. పెద్దాయన కారు దిగి, అది విని, నేర్చుకుని పాడేస్తాడు. అంతే, ట్రాక్ పాడినవాడి గొంతు చెరిపేస్తారు. అలా చెరిగిపోవడమే యాకోబు ఉద్యోగం. శ్రుతి తప్పడు, తాళం తప్పడు, ఒక్క టేకులో ముగిస్తాడు అని మద్రాసులో అందరూ మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకుని చెరిపేసేవాళ్లు!

తిరిగొచ్చి ప్రొద్దుటూరులో కమాల్ బాషా క్యాసెట్ల అంగడిలో చేరాడు. అంగడి వెనక గదిలో ఎలక్షన్ పాటలు పాడటం పని. అవి ఫ్యాక్షన్ రోజులు. ఆ చుట్టుపక్కల మనుషులు మిద్దింటన్న పార్టీ, తోటన్న పార్టీ అని రెండుగా చీలిపోయి ఉన్నారు. యాకోబు పొద్దున మిద్దింటన్నను పులి అని పాడేవాడు, మధ్యాహ్నం సంగటి తినొచ్చి తోటన్నను సింహం అని పాడేవాడు. గొంతు అదే, వరస అదే, జంతువే వేరు. రెండు పార్టీల జీపులూ సందులో ఎదురెదురుగా వస్తే యాకోబుతో యాకోబే కొట్లాడుతున్నట్టు ఉండేది. క్యాసెట్ అట్ట మీద నాయకుడి మీసాలు ఉండేవి తప్ప పాడినవాడి పేరు ఏ మూలా ఉండేది కాదు.

"బాషా, నాదని ఒక్క క్యాసెట్ వెయ్యి. లోపల మా అమ్మ పాటలు, అట్ట మీద నా పేరు. సచ్చేలోగా ఒక్కటి సాలు" అని యాకోబు ఏళ్ల తరబడి అడిగాడు. చివరికి బాషా సరేనన్నాడు.

యాకోబు వాళ్లమ్మ సారమ్మ మైలవరం దిక్కు వేరుశనగ బుడ్డల చేలల్లో కలుపు తీస్తూ పాడేది. ఆ పాటలకొక పద్ధతి ఉంది. ముందు పాడేది చరణం చివర పక్క సాలులోని మనిషిని పేరు పెట్టి పిలుస్తుంది. పిలిపించుకున్న మనిషి పాటందుకుని, తన వంతు పాడి, ఇంకొకరిని పిలవాలి. అలా పాట చేనంతా తిరిగొస్తుంది.

ఇక్కడే యాకోబుకు భయం పట్టుకుంది. ఓబులేసని పిలిస్తే మిద్దింటన్న మనిషి ఓబులేసు గుర్తొస్తాడు. అంకమ్మని పిలిస్తే తోటన్న మేనత్త అంకమ్మ అంటారు. ఏ పేరు పెట్టినా ఏదో ఒక పార్టీదే అయిపోయే కాలం! ఆలోచించి ఆలోచించి పేర్లన్నీ పీకేసి, పేరు ఉండాల్సిన ప్రతి చోటా పిల్లనగ్రోవి ఊదించాడు.

భార్య దీవెనమ్మ విని, "శానా బాగ పాడినావు. కానీ ఎవురినీ పిలవకపోతే ఎవురు పలుకుతారయ్యా?" అంది.

"నీకు తెలీదు, గమ్మునుండు" అన్నాడు యాకోబు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి!

కమాల్ బాషాకు ఒక అలవాటుంది. కొత్త క్యాసెట్‌ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందుల పోయే ప్రైవేటు బస్సులో వేయించి, జనం ముఖాలు చూస్తాడు. జనానికి నచ్చితే కాపీలు తీయిస్తాడు, లేదంటే దాని మీదే ఇంకోటి రికార్డు చేసేస్తాడు. శ్రావణ శనివారం పొద్దున బస్సెక్కుతూ, "చూడు మామా, జనం తిట్టినారంటే మాత్రం రేపట్నించి మళ్లా మన పులి, మన సింహమే" అని ముందే చెప్పాడు. యాకోబూ వెనకే ఎక్కాడు. ఈ గొంతునూ చెరిపేస్తే ఇక తనకంటూ మిగిలేదేమీ లేదని ఆయనకు తెలుసు.

జమ్మలమడుగు దాకా బాగానే సాగింది. అక్కడ బస్సు కిటకిటలాడిపోయింది. ఆ ఏడు ఎలక్షన్లు శ్రావణంలోనే వచ్చిపడ్డాయి. ముందు సీట్లలో మిద్దింటన్న మనుషులు, వెనక సీట్లలో తోటన్న మనుషులు, నడుమ గండి ఆంజనేయస్వామి దర్శనానికి పోయే ఆడవాళ్లు. డ్రైవర్ జియావుల్లా క్యాసెట్‌ను మొదటికి తిప్పి సౌండు పెంచాడు.

"కలుపు తీసే కాలమొచ్చె, కొంగు దోపుకో, ఓ..."

పేరుండాల్సిన చోట పిల్లనగ్రోవి తీయగా మోగింది.

ముందు సీట్లో మిద్దింటన్న మనిషి వలి బాషా చెవులు రిక్కించాడు. "ఈ గొంతు మనన్న పాటదే గదా! పేరు యాడ పాయె?" అన్నాడు. రెండోసారి పిల్లనగ్రోవి రాగానే తానే "ఓ మిద్దింటన్నా!" అని అరిచాడు.

"ఏయ్, ఇది మా పాట!" అని వెనక నుంచి వెంకటేశు లేచాడు. "ఓ తోటన్నా!"

"అయితే మీ తోటన్ననే కొంగు దోపుకోమను పో!" అన్నాడు వలి బాషా.

"ముందు కొంగు దోపుకోమని పిలిచింది మీ అన్ననే గదరా!"

బస్సులో సగం మంది నవ్వారు. ఆ నవ్వుతో మిగతా సగానికి రోషం పొడుచుకొచ్చింది. లుంగీలు పైకి కట్టారు. జియావుల్లా బ్రేకు వేశాడు. యాకోబు తల దించుకుని, "ప్రభువా, నా పాటకు పట్టిన గతి చూడు" అనుకున్నాడు. కమాల్ బాషా క్యాసెట్ తీసేద్దామని లేచాడు.

అప్పుడు నడుమ సీట్లోంచి ఒక ముసలామె చేతికర్రతో బస్సు రేకు మీద దబదబా కొట్టింది. పేరు అంకమ్మే గానీ తోటన్న మేనత్త కాదు, గొర్రెలు కాసేవాళ్ల ఇంటి మనిషి.

"ఆపండ్రా మీ రంకెలు! కలుపు పాటలో మీ అన్నలకేం పనిరా? వాళ్లెప్పుడన్నా కలుపు తీసినారా?"

పైకి కట్టిన లుంగీలు మళ్లీ కిందికి దిగాయి. పాటేమో సాగుతూనే ఉంది. మళ్లీ పిల్లనగ్రోవి వచ్చింది. ఈసారి అంకమ్మ గొంతెత్తి, పక్కన కునుకు తీస్తున్న మనిషిని, "ఓ మహాలక్ష్మమ్మా!" అని పిలిచింది.

మహాలక్ష్మమ్మ ఉలిక్కిపడి లేచింది. కళ్లు పూర్తిగా తెరవకముందే నోరు పాటందుకుంది.

"సాలు నాదీ సద్ది నాదీ, సందె నాదేలే! పాట నీదీ పలుకు నాదీ, ఓ అన్నమ్మా!"

కిటికీ పక్క అన్నమ్మ అందుకుంది. అన్నమ్మ జైనబ్‌ను పిలిచింది. జైనబ్ సిగ్గుపడుతూనే పాడి కండక్టర్‌ను పిలిచింది. జియావుల్లా ఎప్పుడో క్యాసెట్ ఆపేశాడు, ఎవరూ గమనించనే లేదు. బస్సు మళ్లీ కదిలింది.

పాట ఒక చుట్టు తిరిగొచ్చాక అంకమ్మ అడిగింది: "ఎవురప్పా ఆ క్యాసెట్ పాడింది? గొంతు బంగారం. పిలిచే చోట పిల్లంగోవి పెట్టినాడేంది, బుద్ధుండాదా?"

యాకోబు బడిపిల్లవాడిలా చెయ్యెత్తాడు.

"నీ పేరేంది నాయనా?"

"యాకోబు."

అంకమ్మ ఊపిరి పీల్చుకుని, బస్సులో అందరికీ వినపడేలా పాడింది. "పాట నీదీ పలుకు నాదీ, ఓ యాకోబయ్యా!"

పిలిస్తే అందుకోవాలి. మద్రాసులో ఒక్క టేకులో ముగించే యాకోబు అందుకోవాల్సిన చోట తాళం తప్పాడు. తన పేరు పాటలో వినడం ఆయనకదే మొదలు. పట్టరానంత సంతోషమేసింది, ఏడుపూ వచ్చింది. "సాలు నాదీ..." అన్నాడు, శ్రుతి తప్పింది. తప్పితే తప్పనీ అని ఇంకా గట్టిగా పాడాడు. బస్సంతా చప్పట్లతో తాళమేసింది.

ఇక ఎవరిని పిలవాలా అని చూస్తుంటే వెనక నుంచి వెంకటేశు మెల్లగా వచ్చాడు. ఇందాక "తోటన్నా" అని అరిచినవాడే. "మామా, నన్నూ ఒకసారి పిలువు" అన్నాడు.

పిలిచాడు. వెంకటేశు గార్దభంలా పాడాడు, కానీ మనసు పెట్టి పాడాడు. చివరికొచ్చి ఆగిపోయాడు. ఇప్పుడు తానూ ఒకరిని పిలవాలి. అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంకా ఎవరూ పిలవని మనిషి ఒక్కడే కనిపించాడు. అంకమ్మ చేతికర్ర కూడా కనిపించింది.

"ఓ... వలి బాషా!"

వలి బాషా మీసం ఒకసారి దువ్వుకున్నాడు. "పిల్చినాక పలక్కపోతే బాగుండదులే" అని గొణిగి పాటందుకున్నాడు.

పులివెందుల బస్టాండులో కమాల్ బాషా క్యాసెట్‌ను జేబులో వేసుకుని, "ఇది పనికిరాదు మామా" అన్నాడు. యాకోబు ముఖం వాడిపోయింది. "పిల్లంగోవి ఎత్తేసి మళ్లా చేద్దాం. అంకమ్మవ్వ చేన్లోనే, అందరినీ కూడేసి."

"అందరూ పాడితే ఇంక నా ఒక్కడి క్యాసెట్ ఎట్లయితాది?"

"మొదట పిలిచేటోడు ఒకడుండాల గదా మామా! ఆ పేరే అట్ట మీద ఏస్తా."

యాకోబు అంకమ్మ ఎక్కిన గండి బస్సు దగ్గరికి పరుగెత్తి, అంకమ్మ ఊరేదో, కలుపెప్పుడో అడగబోయాడు. తీరా కిటికీ దగ్గరికి పోయాక అడగాల్సిందంతా మరిచిపోయి, "అంకమ్మా!" అని గట్టిగా పిలిచాడు.

"ఓయ్!" అని ఆమె పలికింది.