కడపటి పుట

వర్షాకాలము కడచి శారదమేఘశకలములు జలశూన్యములై గగనాంగణమున నూరక విహరింపగా వంశధారానదీసైకతములు కాశకుసుమధవళములై మెఱయుచు అపరాహ్ణాతపము మందగించుచున్న వేళ ఆ తీరపట్టణమందలి యొక కళాశాలలో విద్యార్థులు ప్రాచీనగ్రంథములను కంప్యూటరులోని కెక్కించి ప్రదర్శించుచుండిరి.

పత్రికలో నా వార్తం జదివి అశీతివర్షప్రాయ యగు పేరిందేవమ్మ చేతికఱ్ఱ యూతగా నొంటిగ వచ్చి మిరుమిట్లుగొలుపు తెరలలో నొకదాని యెదుట నిశ్చేష్టురాలై నిలిచెను. అందు కనబడుచున్నది ఆమె దస్తూరియే! పదునెనిమిదవయేట వైధవ్యము వాటిల్లి పుట్టినింటి మూలగదిం జేరిన నాడు, తాటియాకులలో పురుగులపాలగుచున్న పితామహవిరచితప్రబంధమును ఏడేండ్లు కూర్చుండి కాగితములమీది కామె యెత్తి వ్రాసెను. అనంతరము అన్నగారు దానిని ఈ కళాశాల గ్రంథాలయమున కిచ్చివేసిరి. వ్రాయసగాడు కడపటి పుటలో తన పేరును వ్రాసిన తిథిని పేర్కొని తప్పులకు మన్నింపు వేడుట పెద్దలనాటి యాచారము గావున ఆమెయు నట్లే వ్రాసెను. అత్తింట కోడలుగను పుట్టినింట విధవగను బ్రదికిన యామెకు పేరుతో మఱెన్నడును పని పడలేదు. ఆ యొక్క పుటను చూచుకొనుటకే యామె వచ్చినది.

తెర క్రింద “లేఖకుడు అజ్ఞాతుడు. దస్తూరి పొందికను బట్టి మహాపండితుడై యుండును” అని యుండెను. చెట్టుపేరు చెప్పి కాయలమ్ముకొనువారిని లోకమెఱుగును. వీరు చెట్టుపేరైనను చెప్పరైరి.

“అమ్మా! దీనికి కడపటి పుట యొకటి యుండవలెనే?” యని యామె యడిగెను.

“ఉండెనండీ. అందు పద్యము లేదని తీసివేసితిమి” అని ఇందుజ యను విద్యార్థిని సవినయముగా బదులు చెప్పెను.

“అసలు పుస్తక మెచ్చట నున్నది?”

“ఫొటోలు తీసిన పిదప చెదలు పట్టిన ప్రతులను గ్రంథాలయమువారు కాల్చివేసిరండీ.”

పేరిందేవమ్మకు గుండె చెఱువయ్యెను. “అది వ్రాసినదానను నేనే తల్లీ” యని మెల్లగ ననెను.

ఇందుజ దుష్టురాలు కాదు. సందర్శకులు అభిప్రాయములు వ్రాయు పుస్తకమును కలమును ఆమె చేతికిచ్చి “ఇందు నాలుగు పంక్తులు వ్రాయుడమ్మగారూ, దస్తూరి కలిసినచో మీ పేరు చేర్చెదము” అనెను. పేరిందేవమ్మ కూర్చుండి వ్రాసెను. అక్షరములు వంకరలు పోయెను. ఇందుజ తెరను పుటను మార్చి మార్చి చూచి తల వంచుకొని “కలియలేదండీ” యనెను. ఏబదియైదేండ్లకు చేయి ముదియునని ఆ చదువులలో నెవ్వరును చెప్పలేదు కాబోలు.

పేరిందేవమ్మ చేతికఱ్ఱ నందుకొని వెడలిపోయెను.

సాయంకాలము తమ ప్రదర్శనకు బహుమతి గైకొనిన పిమ్మట విద్యార్థులు ఆ యభిప్రాయముల పుస్తకమును పుటపుటకును ఫొటో తీసి భద్రపఱచుచు ఒకచోట నాగిరి. “ఇది పేరిందేవి వ్రాలు. తప్పులున్న పెద్దలు మన్నింతురు గాక” అని యచ్చట నుండెను. అందు ప్రదర్శననుగూర్చి యొక్క మాటయు లేదని ఆ పుటను విడిచిపెట్టిరి.