ఉత్తమ అంధ కార్మికుడు

ఆ కుళాయిల ఫ్యాక్టరీ యజమానికి చూపులేనివాళ్ళ మీద దయ పుట్టింది ఒక మంగళవారం పొద్దున. అంతకుముందు సాయంత్రమే ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. బళ్ళకూ ఆసుపత్రులకూ కావలసిన కుళాయిలన్నీ, బిగింపు పనిలో సగంమంది చూపులేనివాళ్ళున్న ఫ్యాక్టరీల నుంచే కొంటామని దాని సారాంశం.

ఆ దయావరదలో కొట్టుకొచ్చిన పదిమందిలో ఆరాలక్క ఒకతె. ఇరుగుపొరుగు సంగతులన్నీ ఆరా తీస్తుందని వదిన పెట్టిన పేరది. అదే ఊరంతా స్థిరపడింది. చిన్నతనంలో జ్వరమొచ్చి చూపు పోయిందనీ, ఆ బలమంతా నోటికి చేరిందనీ అన్నయ్య అంటాడు. శిక్షణ కేంద్రంలో కుళాయి విప్పి బిగించడం నేర్చుకుని, పిలుపు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషి. ఉద్యోగం వచ్చిందనగానే వీధి వీధంతా చాటింపు వేసింది.

తీరా వెళ్ళేసరికి వాళ్ళకోసం ప్రత్యేకంగా ఒక గది సిద్ధం చేశారు. దానికి 'ఆశాజ్యోతి' అని పేరు. గోడలకు మెత్తలు కుట్టించారు. బల్లల మూలలకు స్పాంజి చుట్టారు. ఫ్యాను ఉంది, రేడియో ఉంది, వేళకు టీ వస్తుంది. లేనిదల్లా పని. సంక్షేమాధికారి మంచిమనిషే. కాకపోతే చూపులేనివాళ్ళకు చెవులు కూడా అంతంతమాత్రమని ఆయన నమ్మకం. అందుకని మొదటిరోజే గొంతు చించుకుని చెప్పాడు. హాయిగా కూర్చోవాలట, లేవాలనిపిస్తే గంట కొట్టాలట, బిగింపు షెడ్డు వైపు మాత్రం పోకూడదట. ఎవరి వేలికి దెబ్బ తగిలినా ఫ్యాక్టరీకి మాట వస్తుందట.

సాయంత్రం వదిన ఆత్రంగా అడిగింది, ఈవేళ ఏం చేశావని.

"కూర్చున్నాను," అంది ఆరాలక్క.

"ఆ పని ఇంట్లోనూ చేస్తావుగా. దానికి రెండు బస్సులు మారడమెందుకూ?"



మర్నాటి నుంచి ఆమె ఆ గదిలో కుదురుగా లేదు. గంట కొట్టకుండానే లేచి, ఇత్తడి వాసన పట్టుకుని నేరుగా షెడ్డులోకి నడిచేది. అక్కడి మేస్త్రి ముక్కుమీద కోపమున్నవాడు. వాషర్లు ఎక్కించే వరసలో తనకో చోటిమ్మని ఆమె బతిమాలింది, దెప్పింది, చివరికి అలిగింది కూడా. తనకు అభ్యంతరం లేదనీ, పైవాళ్ళ మాట దాటితే తన కొలువుకే ఎసరనీ ఆయన తప్పించుకున్నాడు. షెడ్డువాళ్ళకేమో ఈ పదిమంది మీద కడుపుమంట. తాము నడుములు విరిగేలా పనిచేస్తుంటే వీళ్ళు మెత్తల మధ్య కూర్చుని పాటలు వింటున్నారని. ఆ పాటలు వినలేకే ఆ పదిమందిలో ఒక్కొక్కరూ జారుకున్నారు. ఒకతను టెలిఫోన్ల పనికి పోయాడు, ఒకామె పెళ్ళి చేసుకుని పోయింది, ఇంకొకాయన ఏ కారణమూ చెప్పకుండా మానేశాడు. చివరికి ఆశాజ్యోతిలో మిగిలింది ఐదుగురు.

సరిగ్గా అప్పుడే తనిఖీ కమిటీ వస్తోందని కబురొచ్చింది.

యజమానికి కాళ్ళకింద నేల కదిలింది. కొత్తవాళ్ళను వెతికే వ్యవధి లేదు. ఆర్డరు పోతే షెడ్డు మూతే. ఆలోచించి ఆలోచించి ఆయన నల్లకళ్ళద్దాలు తెప్పించాడు. షెడ్డువాళ్ళలో ఐదుగురు, మేస్త్రితో సహా, ఆ ఒక్కరోజుకు చూపులేనివాళ్ళు కావాలి. వాళ్ళకు ఆ విద్య నేర్పమని సంక్షేమాధికారి ఆరాలక్క దగ్గరికొచ్చాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం ఆమె విన్నది.

"నేర్పుతాను. కానీ ఆ రోజు మా ఐదుగురినీ బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. నిజం కుళాయిలివ్వాలి," అంది.

ఒప్పుకోక ఏం చేస్తారు? ఆమెకు ఆ ఒక్కరోజైనా చాలనిపించింది. మోసంలో తనూ పాలుపంచుకుంటున్నానన్న పీకులాట లేకపోలేదు. దాన్ని పక్కకు నెట్టేసింది.

శిక్షణ చూడబోతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఐదుగురూ చేతులు బార్లా చాపి, తల ఆకాశానికెత్తి, అడుగులో అడుగేస్తూ నడుస్తున్నారని పక్కవాళ్ళు చెప్పారు. మేమెవరమూ అలా నడవమని ఆమె మొత్తుకుంది. "నువ్వెలా నడుస్తావన్నది కాదమ్మాయ్, చూసేవాళ్ళు ఎలా అనుకుంటారన్నది ముఖ్యం," అన్నాడు మేస్త్రి. ఆమె ఊరుకోక వాళ్ళ కళ్ళకు గుడ్డ కట్టించి పని చెయ్యమంది. వాషర్లు నేలంతా దొర్లాయి. మేస్త్రి తన బొటనవేలు తానే నలగ్గొట్టుకుని, గుడ్డ కాస్త పైకి జరిపి, దొంగచూపుతోనే కానిచ్చాడు.

కమిటీ రానే వచ్చింది. కమిటీకి నాయకుడైన పెద్దాయన అడుగులు బరువుగా ఉన్నాయి. ఎడమ బూటు కీచుమంటోంది. ఆరాలక్క లోకం మరిచి పనిలో ఉంది. కుళాయి ఒంట్లో కాడ దిగి, మర పట్టు చిక్కి, పిడి చివరంటా తిరిగినప్పుడు వేళ్ళకు కలిగే ఆ బిగువు ఆమెకు పండగలా ఉంది. ఆయన వచ్చి పక్కన నిలబడి పలకరించగానే, మాట వినవచ్చిన వైపు ముఖం తిప్పి నమస్కారం పెట్టింది. దూరం నుంచి వచ్చారు, టీ తాగండంటూ లేచి, చరచరా నడిచివెళ్ళి, ఒక్క చుక్క ఒలకకుండా కప్పు తెచ్చి చేతికిచ్చింది. పైగా ఆ ఎడమ బూటుకు కాస్త నూనె పెట్టించమని సలహా కూడా ఇచ్చింది. నోరు ఊరుకోదు కదా.

పెద్దాయన కప్పు పట్టుకుని ముందుకు కదిలాడు. అవతల మేస్త్రి ఆయన్ని చూసిన కంగారులో స్టూలు తన్ని, వాషర్ల డబ్బా బోర్లించి, మోకాళ్ళమీద పడి నేల తడుముతున్నాడు. చీకటి అద్దాల వెనక చెమట పోటెత్తి కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. పెద్దాయన కప్పు పక్కన పెట్టి కళ్ళు ఒత్తుకున్నాడు. ఇంతటి కష్టంలో ఇంతటి పట్టుదలా అన్నాడు. అక్కడికక్కడే మేస్త్రిని ఆ ఏటి ఉత్తమ అంధ కార్మికుడిగా ప్రకటించాడు. ఫోటోలు తీశారు.

వెళ్తూ వెళ్తూ ఆరాలక్క వైపు వేలు చూపించాడు. "ఈమెకు కనబడుతోంది. చూపులేనివాళ్ళకు ఇంత ధైర్యం ఉండదు. పరీక్ష చేయించేదాకా ఈమెను పనిలో పెట్టొద్దు."

యజమాని నోరెత్తితే ఐదు జతల కళ్ళద్దాలూ ఊడతాయి. అందుకని ఆయనా, సంక్షేమాధికారీ కూడా నేల చూపులు చూస్తూ ఊరుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే వదిన మొదట పడీపడీ నవ్వింది. తర్వాత కమిటీని ఏడు తరాలవరకూ తిట్టింది. ఆరాలక్క మాత్రం మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నప్పుడు ఎవరైనా వచ్చి నీకు కనబడుతోందే అంటే ఎంత బావుండునని ఎన్నిసార్లు అనుకుందో. ఇన్నేళ్ళకు ఒక మనిషి ఆ మాట అన్నాడు. అదీ నేరం మోపినట్టుగా అన్నాడు.

కంటి ఆసుపత్రివాళ్ళు దీపాలు వేసి చూసి, చూపు లేశమైనా లేదని తేల్చారు. వదిన ఆ మాట విని ఆనందంతో డాక్టరు చేతులు పట్టుకుంది. ఎందుకు సంతోషిస్తున్నారో ఆయనకు అర్థంకాలేదు.

ఈలోగా మేస్త్రి బతుకు కుక్కలు చింపిన విస్తరి అయింది. పేపర్లో ఫోటో పడింది, బస్టాపుల్లో పోస్టర్లు వెలిశాయి. మోటారుసైకిలు ఎక్కితే వీధిజనం హడలిపోయి దింపేస్తున్నారు. కూరగాయల దుకాణంలో పుచ్చు ఏరిపారేస్తే అంతా వింతగా చూస్తున్నారు. ఒక సాయంత్రం ఆయన చేతికర్ర పట్టుకుని ఆరాలక్క ఇంటికొచ్చాడు. దారిలో ఇద్దరు చెయ్యిపట్టి నడిపించారట.

"ఏం చెయ్యమంటావమ్మాయ్?" అన్నాడు.

"నిజం చెప్పెయ్యండి."

"చెబితే షెడ్డు మూతపడుతుంది. నీవాళ్ళూ రోడ్డున పడతారు."

అదీ నిజమే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.   ఆరాలక్క తన షరతులు చెప్పింది. శిక్షణ కేంద్రంలో తనలాంటివాళ్ళు ఇంకా ఎందరో ఎదురుచూస్తున్నారు. ఐదుగురిని తెచ్చుకోవాలి. మిగతా నలుగురు కళ్ళద్దాలవాళ్ళూ ఇత్తడి కరిగించే పోత షెడ్డుకు మారాలి. కొత్తవాళ్ళకు పని మేస్త్రే నేర్పాలి. ఆశాజ్యోతి గదిలో సరుకు మూటలు పెట్టుకుని, తనతో సహా పాత ఐదుగురినీ షెడ్డులో కూర్చోబెట్టాలి. ఇవి జరిగితే తాను నోరు విప్పదు, లేకపోతే విప్పుతుంది. తన నోటి సంగతి ఆయనకు తెలుసు.

ఆయనకు తెలుసు. యజమానికి ఇంకా బాగా తెలుసు.

మేస్త్రి నేర్పడంలో దయాదాక్షిణ్యాలు లేవు. తప్పుగా బిగిస్తే అందరినీ సమానంగా తిట్టాడు. మొదట్లో కొన్ని కుళాయిలు కారాయి, ఒకరిద్దరి వేళ్ళు చిట్లాయి, ఒకతను ఏడ్చి ఇంటికిపోయి మళ్ళీ వచ్చాడు. ఆరాలక్క కూడా తనకు అన్నీ వచ్చుననుకున్న గర్వానికి బాగానే చీవాట్లు తిన్నది. అయినా ఏడాది తిరిగేసరికి షెడ్డులో సగంమంది నిజంగానే చూపులేనివాళ్ళు.

కమిటీ మళ్ళీ వచ్చింది. ఎవరూ తూలలేదు, ఏదీ ఒలకలేదు. పెద్దాయన ముఖం చిన్నబోయిందని సంక్షేమాధికారి తర్వాత చెప్పాడు. ఆయన నేరుగా మేస్త్రి దగ్గరికి పోయి భుజం తట్టి, నిన్ను చూసి వీళ్ళంతా నేర్చుకోవాలన్నాడు.

తనిఖీ కోసం మళ్ళీ పెట్టుకున్న కళ్ళద్దాలను మేస్త్రి తీసి బల్లమీద పెట్టిన చప్పుడు ఆరాలక్కకు వినబడింది. ఇప్పుడు భయమేముంది, లెక్క సరిపోయింది కదా.

"అయ్యా, నాకు రెండు కళ్ళూ శుభ్రంగా కనబడతాయి. మీ చొక్కాకు రెండో బొత్తాం ఊడిపోయింది."

పెద్దాయన గుండెమీద తడుముకున్నాడు. బొత్తాం లేదు. ఆయన కమిటీ వైపు తిరిగాడు. "చూశారా? తాకకుండానే చెప్పాడు. దీన్నే మనోనేత్రం అంటారు." కమిటీ అంతా చప్పట్లు కొట్టింది.

ఆరాలక్క నవ్వు ఆపుకోలేక బల్లమీద తలవాల్చేసింది. ఎవరీమె అని పెద్దాయన అడిగాడు. పోయినేడు తాను దోషిగా నిలబెట్టిన మనిషేనని ఆయనకు గుర్తే లేదు.

ఆ నెలాఖరుకు మేస్త్రి తనంతట తానే పోత షెడ్డుకు మారిపోయాడు. బిగింపు వరస బాధ్యత ఆరాలక్కకు వచ్చింది. ఆమె తిట్లు మేస్త్రి తిట్లకంటే పొడుగని కొత్తవాళ్ళ ఫిర్యాదు. పోస్టర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మొన్నొక ముసలావిడ బస్టాపులో నిలబడ్డ మేస్త్రిని గుర్తుపట్టి, వద్దంటున్నా వినకుండా చెయ్యిపట్టి రోడ్డు దాటించిందట. ఆయన ఎక్కవలసిన బస్సు ఇవతలివైపు నుంచి వెళ్ళిపోయింది.