రాఘిబ్ పరుపు

షేక్ షాకిర్ గారింట్లో ప్రతి శుక్రవారం ఒక పరుపు ఎండలో వేసేవాళ్ళు. దాని మీద ఎవరూ పడుకోరు. పడుకోవలసిన మనిషిని తుర్కులు యుద్ధానికి పట్టుకెళ్ళారు. అతను రాఘిబ్, షేక్ గారి ఒక్కగానొక్క కొడుకు, నా చెల్లెలు సమీహాకు మొగుడు. తుర్కులు పోయారు, ఫ్రెంచివాళ్ళు వచ్చారు, రాఘిబ్ రాలేదు. పరుపు మోసేది, దులిపేది, సాయంత్రానికి మళ్ళీ గదిలో పరిచేది సమీహాయే.

షేక్ గారికి ఇంకో అలవాటు కూడా ఉండేది. రోజూ తెల్లవారు నమాజుకు ముందు పెద్ద మసీదు తూర్పు మినార్ కింద ఉతికిన చాప ఒకటి పరిచేవారు. క్రైస్తవులు యేసు అనే ఈసా ప్రవక్త చావకుండానే పైకి వెళ్ళాడనీ, ఆకాశం నుంచి మళ్ళీ దిగేది ఆ మినార్ దగ్గరేనని డమాస్కస్‌లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలియడం వేరు, చాప పరవడం వేరు. అందుకే ఆయనంటే ఊరికి గౌరవం.

నేను బజూరియా బజారులో ఖుబానీ పళ్ళ తాండ్ర అమ్ముతాను. ఏ సరుకు ఎన్నాళ్ళు నిలవుంటుందో చెప్పి బతికేవాణ్ణి. చెల్లెలి ముఖం చూసినప్పుడల్లా ఆ లెక్క రాకుండా ఉంటే బాగుండుననిపించేది.

ఆ రోజుల్లోనే నూరీ నా అంగడికి వచ్చాడు. రాగి గిన్నెలు కొట్టే మనిషి, పెళ్ళాం పోయింది, ఇద్దరు చిన్నపిల్లలు. సుత్తి పట్టీ పట్టీ మాటలు కూడా పొట్టిగా వచ్చేవి.

"హాజీ, మీ చెల్లెల్ని నాకిస్తారా?"

"దానికి మొగుడున్నాడు."

"ఎక్కడ?"

ఆ సాయంత్రమే సమీహాను అడిగితే తల వంచుకుని నేల మీద వేలితో గీతలు గీసింది. "ఆయన పిల్లల్ని కొట్టడటగా," అంది. అంటే అప్పటికే వాకబు చేసిందన్నమాట.

మనిషి తప్పిపోతే భార్య ఏం చెయ్యాలన్నదానికి మా దగ్గర రెండు దారులు. నాలుగేళ్ళు చూసి, పోయాడని ఖాజీ తీర్పు చెప్పొచ్చు. లేదా అతని ఈడువాళ్ళంతా పోయేదాకా ఆగాలి. ఏ దారి పట్టాలన్నది ఖాజీ ఇష్టం. మా ఖాజీ, షేక్ గారి దగ్గర చదువుకున్నవాడు. "తండ్రి సరే అంటే రేపే రాస్తాను. ఆయన కాదంటే నా చెయ్యి ఆడదు బహ్జత్," అన్నాడు.

షేక్ గారిని ఒప్పించడానికి హమ్దూను వెంటబెట్టుకుని వెళ్ళాను. హమ్దూ, రాఘిబ్ ఒకే దళంలో ఉన్నారు. మంచులో కాలివేళ్ళు పోగొట్టుకుని ఇతను తిరిగొచ్చాడు.

"అయ్యా, పూడ్చేటప్పుడు చూశాను. మీరు కుట్టించిన ఆ గోధుమరంగు కోటే," అన్నాడు హమ్దూ.

"ముఖం చూశావా?"

"ముఖం చూడ్డానికి వీల్లేకుండా ఉంది."

"అయితే నువ్వు చూసింది కోటును," అన్నారు షేక్ గారు. "చలిలో కోటు ఒంటి మీంచి ఒంటి మీదికి మారదా? కాఫీ తాగు నాయనా."

కోపం లేదు, కన్నీళ్ళు లేవు. కాఫీ మాత్రం ఆయనే వంచారు. ఆయన తమ్ముడు సుబ్హీ పక్కనే కూర్చుని తస్బీ పూసలు తిప్పుతూ, "అన్నయ్య అన్నాక ఇంక మాటేముంది? అబ్బాయి బతికే ఉన్నాడు," అన్నాడు.

నేను తొందరపడలేదు. కొనేవాడు మొదటిసారి తల ఊపకపోతే సరుకు మూటకట్టుకుని లేచిపోకూడదు. వారానికోసారి వెళ్ళేవాణ్ణి. అల్లం టీ, బాదం, ఊరి కబుర్లు. చలికాలం దాటేసరికి ఆయన మెత్తబడ్డారు. ఒకరోజు, "ఆ పిల్ల దగ్గు విన్నావా? నా ఇంట్లో అది ఎండిపోతోంది బహ్జత్. పండగ వెళ్ళాక ఖాజీ దగ్గరికి పోదాం," అన్నారు. నోరు జారి వచ్చిన మాట కాదది. సమీహాకు చెప్పాను. ఆ శుక్రవారం పరుపు దులుపుతూ ఏదో పాట కూనిరాగం తీసిందని మా ఆవిడ వచ్చి చెప్పింది.

సరిగ్గా అప్పుడే కైరోలో చదువుకున్న కుర్రమాస్టారొకడు ఊళ్ళోకి వచ్చాడు. ఈసా ప్రవక్త అందరిలాగే ఆయుష్షు తీరి చనిపోయాడని చెప్పడం మొదలుపెట్టాడు. కబురు బజారంతా పాకింది. ఒక మధ్యాహ్నం నమాజు అయ్యాక మసీదు వాకిట్లోనే షేక్ గారికీ అతనికీ వాదన పడింది. బజారు బజారంతా అంగళ్ళు వదిలి వచ్చి కూర్చుంది. నేనూ వెళ్ళాను.

"సిలువ వేశారని నేననడం లేదు," అన్నాడు మాస్టారు. "చంపలేదు, సిలువ వెయ్యలేదు అని గ్రంథమే చెప్పింది. కానీ ఆ తర్వాత ఆయన పోయాడు. దేవుడు పైకెత్తింది ఆయన గౌరవాన్ని. ఒంటిని కాదు."

"ఒంటితోనే ఎత్తాడు," అన్నారు షేక్ గారు.

"ఒంటితో అయితే ఇన్ని వందల ఏళ్ళుగా అక్కడ ఏం తింటున్నాడు?"

"కడుపులో ఉన్నప్పుడు నీకు తిండి పెట్టినవాడికి ఆయనకు పెట్టడం బరువా?"

జనం నవ్వారు. చెప్పులు కుట్టే ముసలాయన, "మాస్టారూ, ఆ వంటకి సరుకులు మీ బాబు పంపుతున్నాడా?" అన్నాడు. మళ్ళీ నవ్వారు.

మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి. "మరి సిలువ మీద జనం చూసిందెవర్ని?"

"ఈసా పోలిక ఇంకొకడి మీద పడింది. వాళ్ళు చూసింది పోలికను. చూశామనుకున్నారు, అంతే."

పద్ధతిగా అక్కడ ఆగిపోవలసిన వాదన అది. ఓడినవాడు ఊరికే ఇంటికి పోడు.

"మీకు ఆ మాట అవసరమే షేక్ గారూ," అన్నాడు మాస్టారు. "మీ ఇంట్లోనూ ఒకణ్ణి పైకెత్తి కూర్చోబెట్టారటగా. పూడ్చినవాడు వచ్చి చెప్పినా, వాడు చూసింది కోటునన్నారట. పరుపు వేసి ఉంచారట. మినార్ కింద చాప, మేడ మీద పరుపు. ఏది ముందు చుడతారు?"

ఎవరూ నవ్వలేదు. జనంలో హమ్దూ ఉన్నాడు, తల దించుకున్నాడు. షేక్ గారు చేతికర్ర ఊతంగా లేచి నిలబడ్డారు.

"రెండూ చుట్టను," అన్నారు. "దేవుడు ఈసాను కాపాడాడు. నా కొడుకునూ కాపాడాడు."

వాకిలంతా దేవుడి పేరు స్మరించింది. అప్పటిదాకా ఈసా సంగతి వేరు, రాఘిబ్ సంగతి వేరు. మాస్టారి ఒక్కమాటతో రెండూ ఒకే తక్కెట్లో పడ్డాయి. ఇక కొడుకు పోయాడని ఆయన ఒప్పుకుంటే, ప్రవక్త విషయంలోనూ ఓడిపోయాడంటుంది బజారు. పండగకు పలకరింపుగా వెళ్ళినప్పుడు ఖాజీ మాట నేను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. నేను లేస్తుంటే మాత్రం చెయ్యి పట్టుకుని, "నలుగురిలో అన్నాను బహ్జత్," అన్నారు.

సమీహాకు చెప్పాలని వెళ్ళాను. తనే అంది. "నువ్వు చెప్పక్కర్లేదన్నయ్యా. మామయ్య నిన్న పరుపుకి కొత్త గలీబు తెచ్చారు."

నూరీ ఇంకో చలికాలం ఆగాడు. తర్వాత నా అంగడి ముందు నిలబడి, లోపలికి రాకుండానే, "పిల్లలకి తల దువ్వే చెయ్యి కావాలి హాజీ," అన్నాడు. దూమా ఊళ్ళో వాళ్ళ మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకేమీ దొరకలేదు.

మరికొన్నేళ్ళకు షేక్ గారు పోయారు. చాప పరుస్తూనే తూలిపడ్డారట. ఊరంతా జనాజాకు వచ్చింది. పరామర్శలు ముగిసిన మర్నాడే సుబ్హీ నా అంగడికి వచ్చాడు. స్టూలు లాక్కుని, తాండ్ర ముక్క తుంచుకుని నోట్లో వేసుకున్నాడు.

"సమీహా సంగతి ఇక చూడాలి బహ్జత్. ఎన్నాళ్ళని అలా ఉంచుతాం? పాపం."

"ఏం చూడాలి?"

"రాఘిబ్ పోయాడని రాయించేద్దాం."

నేను ముక్కలు కోస్తున్న కత్తి కింద పెట్టాను. అతని మనసులో ఏముందో తెలియడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కొడుకు బతికుంటే షేక్ గారి ఇల్లు, తోట కొడుకువి. తమ్ముడికి ఏమీ రాదు. కొడుకు లేడని తేలితే తమ్ముడివి.

"హమ్దూ చూసింది కోటునే అన్నారుగా మీ అన్నగారు? మీరూ తల ఊపారు."

"ఏ కోటుకి పడితే ఆ కోటుకి గొయ్యి తవ్వుతారటయ్యా?"

"మరి పోలిక మాట? ఈసా మాట?"

"ఈసా ప్రవక్త సంగతి వేరు," అన్నాడు సుబ్హీ, పళ్ళ సందున ఇరుక్కున్న తాండ్ర నాలుకతో తీసుకుంటూ. "ఆయన వెనక తోటేమైనా వదిలాడా?"

ఖాజీ చెయ్యి ఈసారి చక్కగా ఆడింది. కోటు చూసినంత మాత్రాన చావుకు సాక్ష్యం కాదన్నాడు, కానీ గడిచిన కాలం చాలన్నాడు. తప్పిపోయినవాడి తీర్పుకు ఒక పద్ధతుంది. బజారులో ఇంతకాలం కూర్చున్నా అలాంటి తూకం నేను చూడలేదు. తండ్రి ఆస్తి దగ్గర, రాఘిబ్ తప్పిపోయిననాడే పోయినట్టు. కాబట్టి అతనికీ, అతని ద్వారా సమీహాకూ వాటా లేదు. భార్య దగ్గర, తీర్పు చెప్పిన ఈ రోజే పోయినట్టు. కాబట్టి సమీహా విధవగా ఇద్దత్ గడువు, నాలుగు నెలల పది రోజులు, ఈ రోజు నుంచే మొదలుపెట్టి, ఆ ఇంట్లోంచి కదలకుండా కూర్చోవాలి.

"అది చేసిన ఎదురుచూపు ఎందులోనూ జమ కాదా?" అని అడిగాను.

"అప్పుడు అతను బతికున్నాడు కదా," అన్నాడు ఖాజీ. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు.

చెప్పడానికి వెళ్ళేసరికి సమీహా పెరట్లో ఉంది. జుట్టులో నెరుపు ముందువైపే వచ్చింది తనకి. శుక్రవారం కాబట్టి పరుపు గోడ మీద ఎండుతోంది. నేను చెప్పింది మొత్తం విని, కర్ర తీసుకుని దాన్ని ఓ పక్క దులిపి, తిరగేసి రెండో పక్క కూడా దులిపింది.

"ఇంక అదెందుకమ్మా, దూదేకులవాణ్ణి పంపుతాను," అన్నాను. "మంచి దూది. ఏకించి అమ్మినా ఎవరైనా తీసుకుంటారు."

"ఇద్దత్ అయ్యాక పంపు," అంది. పరుపు చుట్టి భుజానికెత్తుకుంది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. "అన్నాళ్ళు కూర్చోడానికి నాకేదో ఒకటి ఉండాలిగా."