గవాచి మీది అద్దం

పగిలితే పగలనీ, పీడ పోతుంది, కానీ పెంకులు కింద పడతాయి, కింద నా పెండ్లాం గౌరి కూర్చుని ఉంది, మగ్గం మీద పడుగు పరిచి ఉంది, పట్టు మీద గాజుపెంకు పడిందంటే ఇంకో చీర పోయినట్టే, అందుకని గడ్డపార మొనతో చుట్టూ ఉన్న సున్నాన్ని మెల్లగా గీకుతున్నాను, ఎంత గట్టిగా పట్టుకుందో, పెట్టింది నేనే కదా, ఇష్టం లేకుండా చేసిన పని ఇంత గట్టిగా ఎట్లా కుదిరిందో, ఇష్టపడి కట్టుకున్న ముంగిట మెట్లు రెండు వానలకే కుంగిపోయాయి, మిద్దె మీద చౌడుమట్టి అప్పుడే అరికాళ్లను కాలుస్తోంది, ఆషాఢమైనా ధర్మవరం ఎండకు సిగ్గు లేదు, ఇక్కడి నుంచి చూస్తే అన్నీ మా ఇంటి లాంటి మట్టిమిద్దెలే, ఒక్కో మిద్దె నడుమ ఒక్కో గవాచి, వెలుతురుకని, పొగ పోవాలని మూరెడు వెడల్పున వదిలిన కంత, దాని మీద బండో మూతి పగిలిన కుండో, వానొస్తే మూయాలి, దుమ్ము లేస్తే మూయాలి, కాకి రెట్ట వేస్తుందని మూయాలి, పట్టు నేసే ఇంట్లో అది తెరిచి ఉండేది తక్కువ, మూసి ఉండేది ఎక్కువ, ఈ వీధిలో గవాచికి అద్దం పెట్టిన మొనగాణ్ని నేనొక్కణ్నే, ఓబుళప్ప ఇంటికి కళ్లజోడు పెట్టినాడప్పా అని అందరూ నవ్వారు, మాకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు భాస్కరయ్య కూడా నవ్వాడు, ఆయన నవ్వచ్చా, అదిగో కనబడుతూనే ఉంది ఆయన కొత్త మేడ, బెంగుళూరు నుంచి మేస్త్రీని పిలిపించి, పాత గోడలు పడగొట్టించి, హాలుకు మూడు పక్కలా కిటికీలు పెట్టించి, వాటికి ఎర్రద్దం, పచ్చద్దం, నీలద్దం, పొద్దున పూట ఆ హాల్లో కూర్చున్న మనిషికి ఒక చెంప పచ్చ, ఒక చెంప ఎరుపు, పగటివేషగాడి లెక్క, అంత సంబరంగా కట్టించుకున్న హాల్లో చీర మాత్రం చూడడు, చీర చూడాలంటే వీధి అరుగు మీదికి తెస్తాడు, ఆ అద్దాల కింద ఏ రంగూ నిజం చెప్పదని ఆయనకు తెలుసు, ఆయన పెడితే సింగారం, మేం పెడితే అపచారం, పడుగు ఇస్తాండా ఓబుళప్పా, అయితే ఆ అద్దం తీసేసినాంకనే మగ్గంలో దిగి నాడె పట్టుకో, అని మొన్న అన్నాడు. సరేనన్నాను.

తీసేస్తే కింద మళ్లీ చీకటే, మా వీధికి కరెంటు వస్తుందని మొన్నటి ఎలక్షన్లప్పుడు అన్నారు, అంతకు ముందు ఎలక్షన్లప్పుడూ అన్నారు, స్తంభం మాత్రం భాస్కరయ్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది, అసలు ఈ గోలంతా హిందూపురంలో కంటి డాక్టరు దగ్గర మొదలైంది, ఆయన గౌరి కన్ను రెప్ప ఎత్తి బ్యాటరీ లైటు వేసి, ఏం పని చేస్తావమ్మా అన్నాడు, పోగులు అతుకుతా సామీ అంది, ఆయనకు అర్థం కాలేదు, పాపం పెద్ద చదువులు చదివిన మనిషి, పాత పడుగు అయిపోవస్తుంటే కొత్త పడుగులో ఒక్కొక్క పోగునూ పాత కొసకు కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలితిప్పాలని, వెంట్రుక కన్నా సన్నపు పోగులు వేలకు వేలు ఉంటాయని, మా ఇళ్లలో అది ఆడవాళ్ల పని అని నేను చెప్పాను, యాడ కూర్చుని చేస్తావు, ఇంట్లోనే సామీ, ఇంట్లో వెలుతురుందా, గవాచి ఉంది సామీ, మూసి ఉంటుంది అన్నాను, జోడు రాసిస్తాను గానీ చీకట్లో జోడు పెట్టుకుని ఏం లాభం, వెలుతురులో చేసుకుంటే నీ చూపు నీకుంటుంది, ఇట్లే చేస్తే రెండేళ్లకు నీ చెయ్యి నీకే కనపడదు అన్నాడు, కొత్త జోడు పెట్టుకుని రైలెక్కింది, పెనుకొండలో ఎవరో కిటికీ చట్రం నెత్తిన పెట్టుకుని ఎక్కి, ఈడ దొరల కాలపు బంగళా ఒకటి విప్పుతాండారు, తలుపులు, అద్దాలు అన్నీ అమ్ముతాండారు అన్నాడు, వాడి నోరు పడిపోను, నేను ఊ అనక ముందే గౌరి పెనుకొండలో దిగేసింది, పుట్టింటివాళ్లు చేతిలో పెట్టిన దుడ్లన్నీ అక్కడే పోసి ఈ అద్దం కొంది, మందంగా, అంచున కొంచెం పచ్చగా, తర్వాతి రైల్లో దాన్ని పాతచీరలో చుట్టి పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని వచ్చింది, అంత భద్రంగా నన్నెప్పుడూ చూసుకోలేదు, ఇంటికొస్తే మా అమ్మ కుళ్ళాయమ్మ ఒకటే సాధింపు, ఇంటి నెత్తిన గాజు పెడతారంట్రా, నేను అతకలేదా పోగులు, చీకట్లో వేళ్లతోనే అతికినా, నాకు లేని ఎలుతురు దీనికెందుకురా అని, మా అమ్మ యాభై ఏళ్లకే గోడ పట్టుకుని నడిచేది, ఆ మాట గౌరి అనచ్చు, అనలేదు, అనకుండా ఊరుకోవడం ఆమెకు బాగా తెలుసు, నాకు అదే మంట, అరిచి పోట్లాడే ఆడదానితో ఎట్లాగైనా గెలవచ్చు.

పెట్టిన రోజు నాకూ బాగానే ఉండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి, నేల మీద తెల్లగా చదరం వెలుతురు పడితే ఇంట్లోకి ఎవరో పెద్దమనిషి వచ్చినట్టు అందరం లేచి నిలబడ్డాం, తర్వాత ఒక్కొక్కటే కనపడడం మొదలైంది, దూలానికి పట్టిన చెదలు, అమ్మ బొంతకు చిరుగులు, గౌరి తలలో తెల్ల వెంట్రుకలు, నా పంచె ఏ రంగుకు తిరిగిందో అది, ఇరవై ఏళ్లుగా ఇంత దరిద్రంలో కాపురం చేశామా అనిపించింది, పేదవాడికి వెలుతురు దేనికి, చూసుకోవడానికి ఏముందని, అయినా ఓర్చుకున్నాను, ఎండ నేరుగా పడితే పట్టు వెలుస్తుందని నాకు తెలుసు, అందుకే ఒక కట్టుబాటు పెట్టాను, మిట్టమధ్యాహ్నం ఆ చదరం జరుగుతూ జరుగుతూ పడుగు అంచుకు రాగానే మగ్గంలోంచి ఎండొచ్చె గౌరీ అని చెప్పడం నా పని, పాత పంచె తెచ్చి పడుగు మీద కప్పడం ఆమె పని, ఎండ దాటిపోయాక తీసేది, ఒక్క నాడు తప్పలేదు, అట్లా సాగిపోయేదే, ఆ మాట అనకుండా ఉంటే, పక్కింటి చౌడక్క గుమ్మంలో కూర్చుని ఆకు వక్క నములుతోంది, గౌరి జోడు సర్దుకుని నేసిన గుడ్డ మీదికి వంగి, ఇదో, ఈడ పోగు తప్పిండాది సూడు అంది, నాకు, ముప్పై ఏళ్లుగా నాడె ఆడిస్తున్న నాకు, ఓబుళప్ప చేతిలో పోగు తప్పదని భాస్కరయ్యే పదిమందిలో చెప్పే నాకు, చౌడక్క పకపకా నవ్వి, ఓబుళప్ప చేతిలో పోగు తప్పుతాదా, ఆ అద్దం ఎంత పాపిష్టిదే గౌరీ అంది, సాయంత్రానికి టీ అంగట్లో అందరికీ తెలిసిపోయింది, పోగు తప్పిన మాట నిజమే, అంతకు ముందు ఎన్ని తప్పాయో, చీకట్లో ఎవరు చూశారు, ఆ రాత్రి గౌరి వడ్డించిన సంగటి ముట్టలేదు, ఎందుకని ఆమె అడగలేదు.

నెల తిరక్కుండానే అమ్మ పోయింది, మంచి ఎండాకాలం, అద్దం వల్లనే పోయిందని ఎవరూ అనలేదు, నేనే మనసులో అనుకున్నాను, కొంచెం హాయిగా కూడా ఉండింది అట్లా అనుకుంటే, ఏడ్చే ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు పడుతుంటే ఆ తొక్కిసలాటలో గౌరి జోడు కింద పడి రెండు అద్దాలూ పగిలాయి, దుడ్లు కూడబెట్టి హిందూపురం పంపి చేయించేసరికి రెండు నెలలు పట్టింది, నిన్న వచ్చింది, మైల పదకొండు దినాలు, మైలలో మగ్గాన్ని ముట్టరాదు, మగ్గం గుంతలో మా నేతగాళ్ల చౌడమ్మ తల్లి ఉంటుంది, నాడె కదపరాదు, పడుగును తాకరాదు, వంకాయరంగు పడుగు ఎట్లా పరిచింది అట్లాగే ఉండిపోయింది, పైన అద్దం, దాని పైన సూర్యుడు, దినామూ మధ్యాహ్నం ఆ చదరం వచ్చి అదే చోట కూర్చునేది, పదకొండు మధ్యాహ్నాలు, నేను ఏం చేయగలను, తల్లి పోయినవాణ్ని, మైలలో ఉన్నవాణ్ని, పెద్దలు పెట్టిన ఆచారం, నేను పెట్టింది కాదు, ఈ మాట ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు అనుకున్నానో, ప్రతిసారీ చివరిదాకా రాకముందే ఎక్కడో తెగిపోతుంది.

మొన్న చీర మడతపెట్టుకుని ఇద్దరం భాస్కరయ్య ఇంటికి పోయాం, ఆయన అరుగు మీదికి తెచ్చి మడతలు విప్పసాగాడు, కొంగు విప్పాడు, బాగుందన్నాడు, ఒక మడత, ఇంకో మడత, మచ్చ ఉన్న మడత ఇంకా రానేలేదు, నేను ముందే చెప్పినా సామీ, అద్దం వద్దని, అనేశాను, ఆయన నా వైపు వింతగా చూసి తర్వాతి మడత విప్పాడు, వంకాయరంగు నడుమ చాప పరిచినంత మేర వెలిసిపోయి ఉంది, ఇదేందప్పా ఇది, ఎవురి చేతికిచ్చేదప్పా దీన్ని, అని ఆయన గొంతు పెంచాడు, నేను గౌరి వైపు చూశాను, ఇప్పుడు చెప్పు అన్నట్టు, ఆమె కళ్లు చికిలించి చీర మీదికి వంగి, మచ్చ ఎక్కడుందో వెతుక్కుని, చేత్తో ఒకసారి తడిమి, తప్పు నాది సామీ, ఆయప్పకేమీ తెల్దు, అద్దం పెట్టించింది నేనే, ఎండొచ్చింది సూసుకోకపోయింది నేనే అంది, నా లోపల ఏదో చల్లబడింది, పోగు తప్పిందని అన్న నోటితోనే తప్పు నాది అనిపించానని, ఇంటిదాకా తల పైకెత్తుకుని నడిచాను, వెనక ఆమె రాళ్లకు కాళ్లు తగిలించుకుంటూ వస్తోంది, ఒక్కసారి కూడా ఆగి చెయ్యి ఇవ్వలేదు, అప్పుడు గెలిచిన వాణ్ని కదా.

ఒక పక్క సున్నం ఊడింది, ఇక్కడ గడ్డపార మొన దూర్చి ఒక్క తోపు తోస్తే లేచి వచ్చేస్తుంది, దుమ్ము పడి కనపడడం లేదని పంచె కొసతో తుడిచాను, ఎందుకు తుడిచానో, పీకేసే అద్దాన్ని ఎవరైనా తుడుస్తారా, కింద గౌరి సరిగ్గా వెలుతురు చదరంలో కూర్చుని ఉంది, నిన్న వచ్చిన జోడు పెట్టుకుని, చూపుడువేలు బూడిదలో అద్దుకుని, పోగు మీద పోగు, వేళ్లు ఎంత జోరుగా పోతున్నాయి, పై నుంచి ఆమెను నేనెప్పుడూ చూడలేదు, ఇంత పని ఇంత చిన్న మనిషి చేస్తోందా, నా నీడ పడితే తల ఎత్తింది, తీస్తాండావా, ఇంకొంచేపు ఆగు, చేతిలో ఉండే పోగులు ఈ ఎలుతురులో అతికేస్తా, మళ్ల నీ ఇష్టం అంది, కోపం లేదు, ఏడుపు లేదు, కళ్లు పోతాయని డాక్టరు చెప్పింది నాకు గుర్తుంటే ఆమెకు గుర్తుండదా, అయినా కొంచేపే అడిగింది, ఆగాను, గడ్డపార కింద పెట్టాను, ఊరికే కూర్చుంటే ఇప్పుడు అది వచ్చేస్తుంది, ఇన్నాళ్లూ చివరిదాకా రానివ్వనిది, మైల నాలుగో దినం మధ్యాహ్నం, సంగటి తెచ్చిపెట్టిన చౌడక్క గుమ్మంలో నిలబడి, ఏమప్పా, ఏమన్నా పనుంటే చెప్పు, మైల మీకు గానీ నాకు లేదు గదా అంది, అప్పుడు ఆ చదరం పడుగు మీదే ఉంది, నేను దాన్నే చూస్తున్నాను, పంచె దండెం మీద ఉంది, ఆ పంచె దాని మీద కప్పక్కా అంటే అయిపోయేది, ఏమీ లేదులే, పో అక్కా అన్నాను, మళ్లీ మరుసటి రోజు అడిగింది, మళ్లీ అదే మాట అన్నాను, వెలవనీ, ఈ అద్దం సంగతి తేలిపోతుంది అనుకున్నాను, అవును, అనుకున్నాను, మైల పోయి మగ్గంలో దిగాక ఆ వెలిసిన పోగులు నా చేతి కిందికే వచ్చాయి, చూస్తూనే నేశాను, ఒక్క పోగు తప్పకుండా నేశాను, ఆ మైల దినాల్లో గౌరి జోడు లేక గోడలు తడుముకుంటూ తిరిగేది, చదరం పడుగు మీదికి వచ్చిందో లేదో ఆమెకు నేను చెబితేనే తెలియాలి, చెప్పడం నా పని, సూసుకోకపోయింది నేనే అని ఊరి ముందు ఒప్పుకుంది, ఆమె ఏం చూస్తుంది, ఆ పదకొండు దినాలూ మా ఇంట్లో చూపున్నవాణ్ని నేనొక్కణ్నే.